తప్పుల పీరియడ్

ఈమధ్య ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చరిత్ర లెక్చరర్‌గా కొత్తగా ఉద్యోగం వచ్చిందట. స్వీట్ బాక్స్ నా చేతిలో పెట్టి, "సార్, గిన్నేండ్లు పాఠాలు చెప్పిన్రు కదా, మీ నోట్స్ ఉంటే ఇస్తరా?" అని అడిగింది. నా నోట్సు అటక మీద ఉన్నాయి. వాటిని నా విద్యార్థుల కంటే చెదపురుగులే శ్రద్ధగా చదివాయి.

"నోట్స్ లేవు బిడ్డా, ఒక ముచ్చట ఉన్నది. ఇంటవా?" అన్నాను. పాపం, తలూపింది గానీ గడియారం కూడా చూసుకుంది. పటాన్‌చెరు బస్సుకు టైమైంది. సగంలోనే లేచి వెళ్లిపోయింది. ఆ మిగిలిన సగం కడుపులో పెట్టుకుని నేను ఉండలేను కాబట్టి మొత్తం రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఇన్‌స్పెక్షన్లు ఇందులో లేవు. వాటి గురించి చెప్పేవాళ్లు మీకు స్టాఫ్‌రూమ్ నిండా దొరుకుతారు. ఈ ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఒక మనిషి దగ్గర నేర్చుకున్నాను. ఆయన పోయారు. ఆయన సంతాప సభలో నేను చేసిన పని మీకు అర్థం కావాలంటే మొదటి నుంచీ చెప్పుకురావాలి.

ఒక గది, ఒక బీరువా

కామేశ్వరరావు సారు గోదావరి వైపు మనిషి. అన్నగారికి ఇక్కడ పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే ఆయన వెంట వచ్చి, సంగారెడ్డి కాలేజీలో చేరి, పటేల్‌గూడలో ఇల్లు కట్టుకుని ఇక్కడివాడైపోయారు. కాగితాల మీద హోదా ఏదైనా అందరూ ప్రొఫెసర్ సార్ అనే పిలిచేవారు. వెనక మాత్రం 'తప్పుల సారు' అనేవారు. ఎందుకో చెప్తాను.

నాది కంది అనే ఊరి పక్కన పల్లె. డిగ్రీలో ఆయన దగ్గర చదివాను, తర్వాత అదే కాలేజీలో ఆయన చేతి కిందే లెక్చరర్‌గా చేరాను. చదువుకునే రోజుల్లో ఆయన మాట నాకు సగం అర్థమయ్యేది, నా మాట ఆయనకు సగం అర్థమయ్యేది. మిగతా సగానికి ఇద్దరం తలలూపేవాళ్లం. అట్లా తలలూపుకుంటూనే దగ్గరయ్యాం.

చరిత్ర శాఖ అంటే ఆయన, నేను, ఒక బీరువా. బీరువాకు తాళంచెవి ఉండేది, తాళం లేదు. గదిలో సగం విరిగిన బెంచీలవి, సగం మాది. విద్యార్థుల్లో చాలామంది పటాన్‌చెరు కంపెనీల్లో షిఫ్టులు చేసి, యూనిఫామ్ మార్చుకోకుండానే వచ్చేవాళ్లు. మొదటి పీరియడ్‌లో తలలు ఒక్కొక్కటీ బెంచీకి ఆనేవి.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు రౌండ్లకు వచ్చారు. ఆయనకు క్లాసు నిశ్శబ్దంగా ఉంటే చాలు, అందులో చదువు ఉన్నా లేకపోయినా పట్టింపు లేదు. కిటికీలోంచి చూసి, "కామేశ్వరరావు గారూ, వెనక బెంచీ వాడు పడుకున్నాడు, చూడలేదా?" అన్నారు.

"చూశానండీ. అందుకే మెల్లిగా చెబుతున్నాను, లేస్తాడేమోనని" అన్నారు సారు.

ప్రిన్సిపాల్ గారు పక్క క్లాసు కిటికీకి వెళ్లిపోయారు. ఆ నిద్రపోయినవాడి పేరు సత్తయ్య. గుర్తుంచుకోండి, వాడు మళ్లీ వస్తాడు. నాకు మొదట్లో ఇదంతా మరీ గారాబం అనిపించింది. నేను క్లాసు తీసుకున్న కొత్తలో నిద్రపోయిన వాణ్నల్లా నిలబెట్టేవాణ్ని. వాళ్లు నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నారు. మీ క్లాసులో ఎవరైనా కునికితే ముందు ఏ షిఫ్టో అడగండి, తర్వాత కోప్పడండి.

ఎర్ర అట్ట పుస్తకం

సారు దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఏడాది పొడుగునా క్లాసులో తాను తప్పు చెప్పాననిపించిన ప్రతి సంగతీ అందులో రాసుకునేవారు. అనుమానంగా ఉంటే పెన్సిల్‌తో. తప్పే అని రుజువైతే ఆ పెన్సిల్ రాత మీదే సిరాతో దిద్దేవారు. ఏడాదిలో ఆఖరి క్లాసు రోజు క్యాంటీన్ నుంచి మిర్చి బజ్జీలు తెప్పించి, పుస్తకం తెరిచి, ఆ తప్పులన్నీ చదివేవారు. దానికి ఆయన పెట్టిన పేరు తప్పుల పీరియడ్. పాఠాలకు రానివాళ్లు కూడా ఆరోజు వచ్చేవాళ్లు. బజ్జీల కోసమే అనుకోండి.

"దసరా ముందు ఒక నవాబుకు పదకొండుమంది కొడుకులని చెప్పాను. మళ్లీ చూస్తే తొమ్మిదిమందే. ఇద్దర్ని నేనే పుట్టించాను, క్షమించండి" అనేవారు.

సత్తయ్య లేచి, "సార్, గీ తొమ్మిది ఫైనలా, మల్ల తగ్గుతరా?" అని అడిగేవాడు.

"ప్రస్తుతానికి తొమ్మిదోయ్. ఇంకెవరైనా పోతే వచ్చే ఏడాది చెబుతాను."

అన్నీ ఇట్లా నవ్వొచ్చేవే కాదు. "కోట తలుపుల మేకుల గురించి ఎవరో చెప్పింది చెప్పాను, నేను వెళ్లి చూడలేదు." "ఫలానా రోజు బాలమణి ఒక ప్రశ్న అడిగితే తెలివితక్కువ ప్రశ్న అన్నాను. అది తెలివైన ప్రశ్నని తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. అమ్మా, నన్ను మన్నించు." బాలమణి ఏడ్చేసింది. మేం బజ్జీలు తినడం ఆపేశాం.

పరీక్షలకు ముందు సారు ఇదంతా చెప్పేసరికి పిల్లల్లో గోల మొదలయ్యేది. పదకొండుమంది కొడుకుల పేర్లూ బట్టీ పట్టినవాడు కుయ్యోమొర్రోమనేవాడు. ప్రిన్సిపాల్ గారు గదికి పిలిపించి, "మాస్టారే తప్పులు ఒప్పుకుంటే ఇంక డిసిప్లిన్ ఏముంటుందండీ?" అన్నారు. "తప్పులు నావి, డిసిప్లిన్ మీది, రెండూ కలపకండి" అని సారు లేచి వచ్చేశారు. బయటికి వచ్చాక నాతో అన్నారు: "ఎక్కడ చెప్పామో అక్కడే, ఎవరికి చెప్పామో వాళ్లకే దిద్దాలోయ్. అదొక్కటే రూలు."

ఇంకొక రూలు కూడా ఉండేది గానీ అది క్లాసుది కాదు, ఊళ్లది.

రాయి వెనక్కి

ఆదివారాలు సారు ఊళ్ల మీద పడేవారు. పాత రాయి ఎక్కడ కనిపించినా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు, తర్వాత చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లేవారు. "ముందు వైపు అందరూ చూస్తారు. వెనక్కి పోవడానికే మనకు జీతం ఇస్తున్నారు" అనేవారు. వెనక ముళ్లున్నా, పెంటకుప్ప ఉన్నా, కందిరీగల తుట్టె ఉన్నా వెళ్లాల్సిందే. కందిరీగలు ఆయన్ని మూడుసార్లు కుట్టాయి. ఒకసారి కన్ను వాచి, ఒంటికన్నుతోనే వారం రోజులు పాఠం చెప్పారు.

జనం మమ్మల్ని గుప్తనిధుల వాళ్లనుకునేవారు. కంది పొలాల్లో ఒక ముసలమ్మ కొడవలి పట్టుకుని అడ్డం వచ్చింది. "ఏందయ్యా, బండ సుట్టు తిరుగుతున్రు? బంగారం ఉన్నదా ఏంది?"

"బంగారం కాదమ్మా, చరిత్ర" అన్నారు సారు.

"గదెంతకు అమ్ముతరు?"

సారు ఆ గట్టు మీదే కూర్చుని చరిత్ర అంటే ఏమిటో గంటసేపు చెప్పారు. అంతా విని, "గిదంత మా అత్త చెప్పేది, గామె జీతం తీస్కోలే" అనేసి గడ్డి కోసుకోవడానికి వెళ్లిపోయింది. సారు ఆ మాటను వెంటనే ఎర్ర పుస్తకంలో రాసుకున్నారు. ఆమె మాట నిజమా అబద్ధమా తేల్చలేక పెన్సిల్‌తో రాశారు.

బెల్టు పెట్టుకున్న వీరుడు

ఇక నా ఘనకార్యం. ఉద్యోగంలో చేరి మూడేళ్లు. నాకు అంతా తెలుసనుకునే వయసు.

గడ్డపోతారం అవతల ఒక పల్లె. దాని చుట్టూ మందుల కంపెనీలు లేస్తున్న రోజులవి. ఒక కంపెనీ కట్టే ప్రహరీ గోడ ఆ ఊరి బండ్ల బాట మీదుగా పోబోతోంది. గోడ లేస్తే పొలాలకు, శవాలను పూడ్చే బొందలగడ్డకు దారి లేదు. దరఖాస్తులు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు ఆ ఊరి నుంచి రోళ్లు, విసుర్రాళ్లు చెక్కే పోచయ్య మా గదికి వచ్చాడు. నా ఈడువాడే.

"సార్, మా బాట పక్కన పాత రాయి ఉన్నది. మీరు జెర సూసి, పాతదని రాసిస్తే శానా మేలయితది" అన్నాడు.

సారు అప్పుడు కామెర్లతో మంచం మీద ఉన్నారు. నేనొక్కణ్నే స్కూటర్ మీద వెళ్లాను. రాయి నిలువెత్తున ఉంది. కత్తి ఎత్తిన వీరుడు, ఎదురుగా పులి. పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు. ఊరంతా చుట్టూ నిలబడి నా మొహమే చూస్తోంది. ఎండ మాడిపోతోంది. చెట్టు నీడన కూర్చోబెట్టి కల్లు పోశారు. రాయి వెనక తుమ్మకంప కుప్ప పోసి ఉంది. నావి కొత్త ప్యాంటు, కొత్త చెప్పులు. వెనక్కి వెళ్లలేదు. ఏమీ లేదు, బద్ధకం. బద్ధకానికి ఇంకే పేరూ లేదు.

"ఇది వీరగల్లు, పులితోని కొట్లాడి సచ్చినోనికి నిలబెట్టిన రాయి. తక్కువల తక్కువ ఆరువందల ఏండ్లది" అన్నాను. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. జన్మలో నాకు ఎవరూ అట్లా చప్పట్లు కొట్టలేదు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి.

వచ్చి వ్యాసం రాశాను. అందులో వీరుడి నడుముకున్న బెల్టు గురించి అర పేజీ. చదరపు బకిల్ ఉన్న వెడల్పాటి బెల్టు. 'ఆనాటి సైనికుల వేషధారణకు ఇది అరుదైన సాక్ష్యం' అని రాశాను. శాఖాధిపతి సంతకం కావాలంటే సారు మంచం మీద పడుకునే సంతకం చేశారు. పత్రికలో ఫొటోతో సహా అచ్చయింది. కింద మాత్రం 'ప్రొఫెసర్ కామేశ్వరరావు బృందం వెలికితీసిన వీరుడు' అని వేశారు. బృందం అంటే నేను, నా స్కూటర్.

పదిహేను రోజుల్లో కంపెనీవాళ్లు గోడను వంచేశారు. నిటారుగా వస్తున్న గోడ రాయి దగ్గర వంకర తిరిగి, బండ్ల బాటను వదిలేసి, మళ్లీ నిటారుగా పోయింది. రాయికి రెండు పక్కలా ఇటుకలు పేర్చి చిన్న గుడిలా కట్టి, వెనక తమ గోడకు ఆనించేశారు. వంకర గోడ ఇప్పటికీ ఉంది, పోయి చూడవచ్చు. ఊరి పేరు మాత్రం నేను చెప్పను.

సారు లేచి తిరగగలిగిన మొదటి రోజే నా స్కూటర్ వెనక ఎక్కారు. రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఉలి గీతల అంచుల మీద వేలు పెట్టి చూశారు. బెల్టు బకిల్ మీద వేలు ఆగిపోయింది. కంపెనీ గేటు వైపు తిరిగారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నిలబడి ఉన్నాడు. అదే వెడల్పు, అదే చదరపు బకిల్. సారు అతని నడుము చూశారు, వీరుడి నడుము చూశారు, తర్వాత నా మొహం చూశారు.

"ఏవోయ్ మల్లేశం, ఈయన ఏ షిఫ్టంటావ్?" అన్నారు.

భూమి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

"వెనక్కి వెళ్లావా?" అని అడిగారు.

"ఎనుక గోడున్నది సార్."

"ఇప్పుడుంది. అప్పుడో?"

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. సారు మమ్మల్ని చూసి వచ్చి నిలబడ్డ పోచయ్య వైపు తిరిగి, "ఎవరయ్యా ఈ బొమ్మ చెక్కింది?" అని అడిగారు. పోచయ్య ఆకాశంకేసి చూస్తూ, "మా తాతల కాలంనాటిది సార్" అన్నాడు. అతని చేతులకు రాతి పొడి ఇంకా అంటుకునే ఉంది.

సారు కోప్పడలేదు. బాట వెంట నడుచుకుంటూ పోయి, ఒకచోట నేల మీద పరుచుకున్న బండ దగ్గర ఆగారు. ఆ బండ మీద బండి చక్రాలు తిరిగి తిరిగి జానెడు లోతున అరిగిన రెండు గీతలున్నాయి. "ఇదిగో, నీ ఆరువందల ఏళ్లు ఇక్కడున్నాయి. వీళ్ల బాట నిజంగానే పాతది. దీన్ని వదిలేసి ఆ బెల్టు పట్టుకున్నావు" అన్నారు. ఆ గీతల గురించి ఆరు పేజీలు రాసి ఆఫీసులకు పంపారు. ఒక్కరూ చదవలేదు. సారు చూపించిన నిజాన్ని పట్టించుకున్నవాడు లేడు, గోడ వంగింది నా అబద్ధానికే. ఈ ఉద్యోగంలో మీకూ ఇట్లాంటిది ఎదురవుతుంది. అప్పుడు మీరు గెలిచామనుకుంటారు, ఆ గెలుపు మాత్రం ఒంటికి పట్టదు.

బజ్జీ

ఆ ఏడాది తప్పుల పీరియడ్‌కు నేను కూడా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. సారు నవాబులవీ కోటలవీ అన్నీ అయ్యాక, పేజీ తిప్పి, "ఈ ఏడాది పెద్ద తప్పు ఇది" అన్నారు. "గడ్డపోతారం రాయి ఆరువందల ఏళ్లదని మా శాఖ రాసింది. కాదు, కొత్తది. చూడకుండా సంతకం చేసింది నేను. తప్పు నాది."

పుస్తకం మూయలేదు. కళ్లద్దాల మీదుగా వెనక బెంచీ వైపు చూశారు. గదిలో పన్నెండుమంది ఉంటే సత్తయ్యతో సహా తొమ్మిదిమంది షిఫ్టు నిద్రలో ఉన్నారు. నేను లేచి ఒక్క ముక్క చెప్తే అయిపోయేది. చేతిలో ఉన్న మిర్చి బజ్జీని మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాను. నోరు నిండినవాణ్ని ఎవరూ మాట్లాడమనరు కదా.

సారు పుస్తకం మూశారు. ఆ మిర్చి కారానికి నా కళ్లలో నీళ్లు వచ్చాయి. కారానికే అని పక్కవాడికి చెప్పాను.

సిలబస్ కాలేదు సార్

ఆయన రిటైరయ్యాక ఆ గది, బీరువా, విరిగిన బెంచీలు నా పాలబడ్డాయి. తప్పుల పీరియడ్ నేను ఎప్పుడూ పెట్టలేదు. ప్రతి ఏడూ ఏదో ఒక సాకు. సిలబస్ కాలేదు. ఎలక్షన్ డ్యూటీ. క్యాంటీన్‌లో బజ్జీలు బాగుండటం లేదు. నిజం ఏమిటంటే, పీరియడ్ పెడితే మొట్టమొదట ఏ తప్పు చెప్పాలో నాకు తెలుసు.

పటేల్‌గూడ వెళ్లినప్పుడల్లా సారు తలుపు తీస్తూనే, "ఏవోయ్, సిలబస్ అయిందా?" అనేవారు.

"కాలేదు సార్."

"బాబోయ్, ఎంత పెద్ద సిలబస్‌రా నీది!"

నేను రిటైరయ్యాక కూడా అడిగారు. అప్పుడు కూడా కాలేదనే చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగితే వాళ్లమ్మాయి శారద వచ్చి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన్ని నేను చూడటం అదే ఆఖరుసారి. పోయారని శారద ఫోన్ చేసినప్పుడు కూరగాయల మార్కెట్లో ఉన్నాను. దొండకాయలు తూకం వేస్తున్న ఆమె ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పాపం ఆమె కంగారుపడి గుప్పెడు దొండకాయలు ఎక్కువేసింది.

ఫ్లెక్సీ

సంతాప సభ సత్తయ్య ఏర్పాటు చేశాడు. క్లాసులో నిద్రపోయిన ఆ సత్తయ్యే. ఇప్పుడు లారీలున్నాయి, పలుకుబడి ఉంది, నిద్ర మాత్రం లేదు. సంగారెడ్డిలో ఫంక్షన్ హాలు మాట్లాడాడు. నేను లోపలికి అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాను.

స్టేజీ వెనక పదడుగుల ఫ్లెక్సీ. సారు ఫొటో ఒక మూలన చిన్నగా ఉంది. మధ్యలో బెల్టు పెట్టుకున్న వీరుడు, పులితో సహా. కింద 'ఆరు శతాబ్దాల వీరుణ్ని వెలికితీసిన మహనీయుడు'. బకిల్ ఒక్కటే పళ్లెమంత ఉంది.

"ఎట్లున్నది సార్? పాత పేపర్ల దొరికింది" అన్నాడు సత్తయ్య మురిసిపోతూ. "బాట పక్కన గిదే బొమ్మతోని సారు పేరు మీద గేటు గూడ కట్టిస్తున్న. రాయిని కాపాడినందుకు పోచయ్యకు శాలువ గూడ కప్పుతం."

మొదటి వరసలో పోచయ్య ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి చూపు పక్కకు తిప్పుకున్నాడు. అతని పక్కన శారద, ఒళ్లో ఎర్ర అట్ట పుస్తకం.

జీవితమంతా తన తప్పులు తానే చెప్పుకున్న మనిషిని, తనది కాని తప్పుతో ఊరేగిస్తున్నారు. అది నా తప్పు. గేటు కట్టేస్తే అది సారు పేరు మీద సిమెంటులో నిలిచిపోతుంది. నన్ను మాట్లాడమన్నారు. స్టేజీ ఎక్కాను. ముప్పై ఏళ్లు మైకు లేకుండా అరిచినవాణ్ని, ఆ మైకును రెండుసార్లు తట్టి చూశాను.

"సార్ సిలబస్ అయిందా అని అడిగేటోడు" అన్నాను చివరికి. "ఇయ్యాల అయింది. ఇది నా తప్పుల పీరియడ్." అంతా చెప్పాను. కల్లు, కంప, కొత్త ప్యాంటు, చప్పట్లు, బెల్టు, బజ్జీ. "ఆ రాయి కొత్తది. సారు కనిపెట్టింది రాయి గాదు, బాట. తప్పు నాది. సారు మీదేసుకున్నడు, నేను నోట్ల బజ్జీ పెట్టుకోని కూసున్న."

మొదటి వరసవాళ్లు తలలెత్తి ఫ్లెక్సీ వైపు చూశారు. సత్తయ్య స్టేజీ ఎక్కి నా చెవిలో, "సార్, ఫ్లెక్సీ కొట్టిచ్చినంక చెప్తరా ఈ ముచ్చట?" అన్నాడు. మైకు ఆపడం మర్చిపోయాడు. అందరూ విన్నారు. ఎవరో నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది.

ఆ నవ్వుల్లో పోచయ్య లేచాడు. "సార్, జెర నా మాట గూడ ఇనుండ్రి. బొమ్మ చెక్కింది నేనే. ఇంగ దాసేదేమున్నది, బాట మీద ఇప్పుడు బస్సులే తిరుగుతున్నయి. సెక్యూరిటాయన బెల్టు మంచిగ కనవడ్డది, పెట్టిన. గని మీరు కొత్త రాయి కొత్త రాయి అంటున్రు. రాయి కొత్తది గాదు. అది మా బాయికాడ బట్టలు పిండే బండ. బొమ్మ ఇటు దిక్కు చెక్కిన. అటు దిక్కు పైన సూర్యుడు, చంద్రుడు, కిందంత రాతలు."

నా చేతిలోని మైకు జారింది. సూర్యుడు, చంద్రుడు, కింద రాత. పాత దానశాసనాల మీద ఉండేది అదే. ఎవరో ఎవరికో ఏదో ఇచ్చి, సూర్యచంద్రులున్నంత కాలం ఉండాలని చెక్కించిన రాయి. హాల్లో ఉన్న పాత చరిత్ర విద్యార్థులందరూ, మూడో షిఫ్టు వాళ్లతో సహా, ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు.

"మరి గప్పుడెందుకు చెప్పలే?" అని అరిచాను.

"మీరు ఎనుకకు రాకపోతిరి. పెద్దసారు బొమ్మెవరు చెక్కిండ్రని అడిగిండు గని, ఎనుక ఏమున్నదని నన్ను అడగలే. అయినా రాతలకు ఎవడు మొక్కుతడు సార్? బొమ్మ ఉంటేనే మొక్కుతరు, మొక్కితేనే గోడ వంగుతది" అన్నాడు పోచయ్య.

గోడ సందు

భోజనాలు అక్కడే వదిలేసి సత్తయ్య కారులో నలుగురం బయల్దేరాం. సత్తయ్య, పోచయ్య, శారద, నేను. ఎండ అప్పుడెట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. గుడి ఇటుకలు ఒక పక్క ఊడిపోయి, రాయికీ కంపెనీ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఏర్పడింది. నేను చొక్కా చేతులు మడుస్తుంటే కంపెనీ సెక్యూరిటీ కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. బిహార్ వాడు.

"సర్, భగవాన్ కే పీఛే హాథ్ మత్ డాలో! సాంప్ రహతా హై!"

దేవుడి వెనక చెయ్యి పెట్టొద్దట, పాముంటుందట. ఉంటే ఉండనీ అనుకున్నాను. చెంప వీరుడి బెల్టుకు ఆనించి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టాను. మట్టి, సాలెగూడు, ఏదో తడి. తర్వాత వేళ్లకు ఒక గుండ్రటి గుంట తగిలింది. దాని పక్కన నెలవంక. కిందికి జరిపితే వరసలు వరసలుగా అక్షరాల గరుకు. అరిగిపోయాయి, కానీ ఉన్నాయి. గట్టిగా నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకోలేకపోయాను.

"ఏమైంది అంకుల్? కుట్టిందా?" అంది శారద భయంగా.

"కుట్టలేదమ్మా. మీ నాయన తప్పు చెప్పిండు. రాయి పాతదే."

ఆమె తన చెయ్యి కూడా పెట్టి చూసింది. చాలాసేపు తియ్యలేదు. కళ్లు తుడుచుకుని, ఎర్ర పుస్తకం నాకిచ్చింది. "నాన్న ఉంటే ఎగిరి గంతేసేవారు. మీరే రాయండి అంకుల్."

గుడి అరుగు మీద కూర్చుని ఆఖరి పేజీ తెరిచాను. సారు చేతిరాత వణికిపోయి ఉంది. చివరి వాక్యం పెన్సిల్‌తో రాసి ఉంది.

'మల్లేశం తన పీరియడ్ ఎప్పటికీ పెట్టడని నా నమ్మకం.'

తప్పుల పుస్తకంలో రాసుకున్నారు ఆ నమ్మకాన్ని. తప్పని రుజువయ్యే దాకా సిరా పెట్టకుండా వదిలేశారు. సత్తయ్యను పెన్ను అడిగాను. నా చేతులకింకా మట్టి ఉంది. ముందు ఆ పెన్సిల్ రాత మీద, ఒక్కొక్క అక్షరం వెంటే, సిరాతో దిద్దాను. తర్వాత దాని కింద రాయి సంగతి రాశాను.